అతిథిగృహంలో పక్కలు వేసే ఆమె

ఆమెకి సొంత పేరు ఒకటి ఉండేది కానీ అతిథిగృహంలో దాన్ని పలికినవాళ్ళు లేరు. అందరికీ ఆమె గదులమ్మే. ఆ పేరు పెట్టింది వంటాయన. ఆమె పనిలో చేరిన మొదటి రోజునే, "వంటింటికి నేనున్నాను, తోటకి తోటమాలి ఉన్నాడు, ఇన్నాళ్ళూ ఈ గదులకే దిక్కు లేదు. హమ్మయ్య, గదులమ్మ వచ్చేసింది" అన్నాడు. నవ్వులాటకి అన్న మాట అతుక్కుపోయింది. తర్వాత మేనేజరు కూడా అలాగే పిలిచాడు. ఆమె కూడా ఎవరైనా ఫోన్ చేసి ఎవరు మాట్లాడేదని అడిగితే "గదులమ్మనండీ" అనేది.

అతిథిగృహం ఊరికి కాస్త ఎడంగా, కొండమీదికి ఎక్కే వాలు రోడ్డు చివర ఉంటుంది. పెంకుల కప్పు, ఎర్రటి ఇటుక గోడలు, చుట్టూ వరండా. కింద పొడవాటి భోజనాల గది, పైన ముందువైపు పెద్ద గది, వెనకవైపు డ్రైవర్లకీ గుమాస్తాలకీ ఇచ్చే చిన్న గదులు. ఆ రోజుల్లో ప్రభుత్వంలో ఉన్నవాళ్ళూ, దాన్ని పడగొట్టాలని చూసేవాళ్ళూ అక్కడే దిగేవారు. పొద్దున సభలో ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్న పెద్దమనుషులు మధ్యాహ్నం ఆ భోజనాల బల్ల దగ్గర ఉప్పూ మిరియాలూ ఒకరికొకరు అందించుకునేవారు. ఆ వింత చూసి మొదట్లో గదులమ్మ నోరు వెళ్ళబెట్టేది. "అలా చూడకు, ఈగలు దూరతాయి" అనేవాడు వంటాయన.

ఆమె పని పక్కలు వేయడం, గదులు తుడవడం, దుప్పట్లు ఉతికించి ఇస్త్రీ చేసి బీరువాల్లో సర్దడం. ఇస్త్రీ గది వెనక వరండా చివర ఉండేది. పెట్టె వేడెక్కిందో లేదో వేలు తడిచేసి తాకి చూసేది. దుప్పటి పరిచాక మూలలు మడిచి పరుపు కిందికి దోపి, అరచేత్తో తల వైపు నుంచి కాళ్ళ వైపుకి ఒక్కసారి నిమిరేది. ముడత అన్నది కనపడకూడదు. ఎవరో నేర్పిన విద్య కాదు అది. చేయగా చేయగా చేతికి వచ్చింది.

ఆ ఉద్యోగం ఆమెకి ఊరికే రాలేదు. మొగుడి ప్రాణానికి బదులుగా వచ్చింది.

మొగుడు రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆరడుగుల మనిషి. ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడు కాబట్టి తోటివాళ్ళు ఈలగాడు అనేవారు. అన్నం తింటూ కూడా ఈల వేయబోయి తల్లి చేత తిట్లు తినేవాడు. తండ్రి లేడు. తల్లీ, పెళ్ళామూ, వర్క్‌షాపు వెనక సందులో రెండు గదుల ఇల్లూ, అదే అతని లోకం. పిల్లలు ఇంకా కలగలేదు. ఏం తొందర, ఎలాగూ కలుగుతారులే అనుకుంటూ ఉండేవాళ్ళు.

వర్క్‌షాపులో సమ్మె జరిగిన ఏడాది ప్రభుత్వ పెద్ద స్వయంగా ఊరికి వచ్చి అతిథిగృహంలో దిగాడు. యాజమాన్యంతో చర్చలు జరుగుతున్నాయని చెప్పారు. మా మాట కూడా వినండి అని కార్మికులు ఊరేగింపుగా బయలుదేరారు. అతిథిగృహానికి వెళ్ళే దారిలో కాలవ మీద వంతెన ఉంది. పోలీసులు అక్కడ అడ్డం నిలబడ్డారు. ఈలగాడు నాయకుడేం కాదు. పొడుగ్గా ఉన్నాడని జెండా కర్ర అతని చేతికి ఇచ్చి ముందు నిలబెట్టారు, అంతే. అతిథిగృహంనుంచి ఫోన్‌లో ఆజ్ఞ వచ్చిందట. కాల్చారు. చనిపోయినవాళ్ళలో అతనొకడు.

ఆ సంగతి చెప్పడానికి సందులోకి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వాళ్ళ మొహాలు చూసి ఆమెకంటే ముందు అత్తకే అర్థమైంది. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, "ఎక్కడున్నాడు?" అని మాత్రం అడిగింది.

తర్వాత విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని తేలింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళలో ఒక్కొక్కరికి ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. ఈమెకి వచ్చింది అతిథిగృహంలో పని.

అత్త నిప్పులు చెరిగింది. "వాడు ఏ ఇంటికి పోతూ చచ్చాడో ఆ ఇల్లు ఊడుస్తావా? సిగ్గు లేదూ ఇచ్చినవాళ్ళకి!" అంది. కోడలు పనిలో చేరకుండా ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళు గడిచాయి. ఇంట్లో డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక పొద్దున అత్త మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తూ, "వెళ్ళవే. మనం తిండి మానేస్తే వాళ్ళకేం పోయింది? మనమే పోతాం" అంది.

మొదటి రోజు పైగది తుడవడానికి వెళ్ళి గదులమ్మ కిటికీ తెరిచింది. ఎదురుగా, చెట్ల కింద, వంతెన కనిపించింది. అక్కడినుంచి అది కనిపిస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కిటికీ పట్టుకుని కాసేపు నిలబడింది. ఆ రోజు ఇక్కడ నిలబడినవాళ్ళకి అంతా కనిపించే ఉంటుంది అనుకుంది. తర్వాత దుప్పటి దులిపి పక్క వేసింది. కింద వంటాయన ఆమె మొహం చూసి ఏమీ అడక్కుండా టీ గ్లాసు చేతిలో పెట్టాడు.

ఏళ్ళు గడిచాయి. ఏ దుఃఖమైనా పనిలో పడితే కాస్త పక్కకి జరుగుతుంది. అత్తాకోడళ్ళు తల్లీకూతుళ్ళ కంటే ఎక్కువగా కలిసిపోయారు, కానీ పైకి చూస్తే రోజూ కీచులాటే. "నా కొడుకు నిన్నెలా భరించాడే" అని ఆవిడ, "మిమ్మల్ని భరించినవాడికి నేనొక లెక్కా" అని ఈమె. మరో పెళ్ళి చేసుకోమని అత్త చాలాసార్లు పోరింది. "మిమ్మల్ని కట్నం కింద తీసుకెళ్ళనిస్తే చేసుకుంటా" అనేది గదులమ్మ. ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

ప్రభుత్వాలు మారాయి. ఆ రోజు పైగదిలో ఉన్న పెద్దాయన పదవి పోయింది. పార్టీ చీలింది. సొంతవాళ్ళే ముఖం చాటేశారు. ఒకరోజు మేనేజరు ఇస్త్రీ గదిలోకి వచ్చి, "గదులమ్మా, వెనక మూలగది సిద్ధం చెయ్యి. పెద్దాయన వస్తున్నారు. కొన్నాళ్ళు ఉంటారట" అన్నాడు.

"ఏ పెద్దాయనండీ?"

మేనేజరు పేరు చెప్పి చూపులు తప్పించాడు. ఆమె కథ అతనికి తెలుసు. "కావాలంటే ఆ గది పని ఇంకొకరితో చేయిస్తాను" అని గొణిగాడు.

ఆమె చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. "అక్కర్లేదండీ. గది నాదే కదా" అంది.

పెద్దాయన ఒక్క పెట్టెతో దిగాడు. గోడల మీది బొమ్మల్లో చూసిన మనిషికీ ఈయనకీ పోలిక దొరకడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. బొమ్మలో భుజాలు ఉండేవి. ఈయనకి కోటు మాత్రమే ఉంది. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరో వస్తారని, ఏవో చర్చలకి పిలుస్తారని ఎదురుచూపు. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడు వినిపిస్తే లేచి నిలబడేవాడు. మొదట్లో ఒకరిద్దరు వచ్చారు. మాట్లాడారు, టీ తాగారు, వెళ్ళారు. తర్వాత వచ్చే కార్లన్నీ పైగదివాళ్ళ కోసమే వచ్చేవి. ఆయన లేచి, మళ్ళీ కూర్చునేవాడు.

గదులమ్మ మాట్లాడేది కాదు. ఆయన కుర్చీలో కూర్చుని ఉండగానే పక్క వేసి, నేల తుడిచి వెళ్ళిపోయేది. ఆయనే పలకరించేవాడు. కిటికీ తలుపు బిగుసుకుపోయిందనో, రాత్రి వాన కురిసిందా అనో. ఆమె ముక్తసరిగా జవాబిచ్చేది. ఇంట్లో అత్తకి ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఒకరోజు ఆయన, "మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగాడు.

దుప్పటి మూల మడుస్తున్న ఆమె మడవడం ఆపలేదు. "వర్క్‌షాపులో చేసేవాడండీ. పోయాడు."

"అయ్యో. జబ్బు చేసిందా?"

"లేదండీ. వంతెన దగ్గర పోయాడు."

"ఏ వంతెన?" అన్నాడాయన. అన్నాక ఆయనకే అర్థమైంది. నోరు తెరిచాడు. "ఆ రోజు నాకు చెప్పిందేమిటంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆమె కాసేపు చూసింది, మాట ముందుకు సాగుతుందేమోనని. సాగలేదు. మాసిన దుప్పట్లు చంకన పెట్టుకుని బయటికి వచ్చి, ఇస్త్రీ గదిలో తలుపు వేసుకుని, అప్పుడు ఏడ్చింది.

అత్తకి ఈ కబురు వంటాయన నోటినుంచి చేరింది. బజారులో కనిపించి, ఆవిడకి తెలిసే ఉంటుందనుకుని, "పెద్దాయన్ని మీ కోడలు బాగా చూసుకుంటోందండీ, ఎంత గుండె కావాలి" అన్నాడు పాపం. అత్త సాయంత్రందాకా గుమ్మంలో కూర్చుంది. కోడలు ఇంటికి రాగానే అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

"ఆయన పక్క నువ్వు వేస్తున్నావా?"

"వేస్తున్నానత్తా."

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం మొదలైనప్పటినుంచి."

"సరే. రేపు నేనొస్తా."

కోడలు ఎంత బతిమాలినా వినలేదు. మర్నాడు పొద్దున ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, వంతెన మీదుగా, వాలు రోడ్డు ఎక్కి, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. మేనేజరు ఆపబోయి, ఆవిడ చూపు చూసి పక్కకి తప్పుకున్నాడు.

మూలగదిలో పెద్దాయన ఎప్పటిలాగే కోటు తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. ముసలావిడ లోపలికి రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చో. నిలబడితే నీ కాళ్ళే పీకుతాయి" అంది ఆవిడ. తను మంచం అంచు మీద కూర్చుంది. కోడలు తలుపు దగ్గర నిలబడింది. లోపల అడుగు పెట్టలేక, వెళ్ళిపోనూ లేక.

"నేనెవరో నీకు తెలీదు. నువ్వెవరో నాకు తెలుసు. నా కొడుకుని ఈలగాడు అనేవాళ్ళు. తెలుసా?"

"మీ కోడలు చెప్పిందమ్మా... ఆ రోజు..."

"ఆ రోజు సంగతి నాకు తెలుసు. నేను చెప్పేది నీకు తెలియంది." ఆవిడ గొంతు పెంచలేదు. "వాడు పుట్టినప్పుడు కాళ్ళు ముందొచ్చాయి. నేను చచ్చి బతికాను. నాలుగేళ్ళు దాటినా మాట రాలేదు. మూగాడనుకున్నాం. మాట రాకముందే ఈల వచ్చింది వెధవకి. పక్కింటి పిట్టని చూసి నేర్చుకున్నాడు. పెద్దయ్యాక అన్నం దగ్గర ఈల వేస్తే గరిటెతో కొట్టేదాన్ని. ఆ రోజు పొద్దున కూడా కొట్టాను. అలిగి తినకుండా వెళ్ళాడు. ఆకలేస్తే వాడే వస్తాడని నేనూ పిలవలేదు. ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, నీకు ఫోన్‌లో చెప్పినవాళ్ళు ఇది చెప్పి ఉండరు."

"చెప్పలేదమ్మా" అన్నాడు పెద్దాయన.

"ఏం చెప్పారు?"

"గుంపు పైకి వస్తోందన్నారు. ఆగడం లేదన్నారు. నేను..." ఆయన కోటు బొత్తాం పట్టుకున్నాడు. "నేను భయపడ్డాను."

"వాళ్ళ చేతుల్లో ఏమున్నాయి?"

"జెండా కర్రలు."

"మరి?"

ఆయన తల వంచుకున్నాడు. "క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు" అన్నాడు చివరికి.

"అడగకు. అడిగితే ఇవ్వాల్సి వస్తుంది. నా దగ్గర లేదు" అంది ఆవిడ. మోకాళ్ళు పట్టుకుని లేచింది. లేచాక, కొడుకు అసలు పేరు ఒకసారి చెప్పి, "ఒక్కసారి అను" అంది. ఆయన అన్నాడు. సగమే వినిపించింది. మళ్ళీ అన్నాడు. ఆవిడ తల ఆడించి బయటికి నడిచింది.

వాలు దిగుతూ సగం దూరం వచ్చాక, "కోటు బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు చూశావా? చెప్పేవాళ్ళు లేరు కాబోలు" అంది. అత్తను గదులమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇల్లు చేరేవరకూ ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత పెద్దాయన ఎక్కువ రోజులు లేచి తిరగలేదు. జ్వరం పట్టుకుంది. మేనేజరు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చూస్తామన్నారు, పంపుతామన్నారు. ఎవరూ రాలేదు. ఆస్పత్రినుంచి డాక్టరు వచ్చి మందులు రాసి, మనిషి తోడు ఉండాలన్నాడు. తోడు ఎవరుంటారు? గదులమ్మ పని అయ్యాక కూడా అక్కడే ఉండిపోయేది. తడి బట్టతో నుదురు తుడిచేది. పట్టుకుని లేపి పాలు తాగించేది, పక్క తడిస్తే మార్చేది. ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. ఒక్కోసారి ఆ మొహం చూస్తే ఒళ్ళు మండిపోయేది. గిన్నె విసురుగా పెట్టి వరండాలోకి వచ్చేసేది. మళ్ళీ దగ్గు వినిపిస్తే లోపలికి వెళ్ళేది.

ఇంట్లో అత్త, "ఎలా ఉన్నాడు?" అని ఎప్పుడూ అడగలేదు. ఒకసారి మాత్రం, కోడలు బయలుదేరుతుంటే వెనకనుంచి, "నీళ్ళు కాచి ఇవ్వు. ఆ కొండమీద కుళాయి నీళ్ళు మంచులా ఉంటాయి" అంది.

చివరికి ఆస్పత్రి బండి వచ్చి తీసుకెళ్ళింది. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. బండివాళ్ళు తొందర పెట్టారు. ఆ మాట ఏమిటో ఆమెకి తెలియలేదు. రెండు రోజులకి పోయాడని కబురొచ్చింది. అంత్యక్రియలకి ముందు పెద్దలంతా అతిథిగృహంలోనే దిగారు. చివరి రోజుల్లో ఆయన కోసం ఒక్క కారూ ఆగని గేటు దగ్గర ఆ రోజు కార్లు నిలపడానికి చోటు లేదు. గదులమ్మ అన్ని గదుల్లోనూ పక్కలు వేసింది. మూలగది తలుపు మాత్రం తాళం వేసి, ఎవరు అడిగినా, "అది బాగుచేయాలండీ" అని చెప్పింది.

అత్త కూడా మరికొన్నేళ్ళకి పోయింది. కోడలి చేతుల్లోనే, పెద్దగా బాధపడకుండా. పోయే ముందు రోజు కూడా కూరలో ఉప్పు తక్కువైందని తిట్టింది. ఆ తిట్టు లేని ఇల్లు గదులమ్మకి మింగుడు పడలేదు. పనినుంచి ఆలస్యంగా ఇంటికి వెళ్ళడం అప్పుడే అలవాటైంది.

ఊళ్ళోకి పెద్ద హోటళ్ళు వచ్చాక నాయకులు అతిథిగృహానికి రావడం మానేశారు. కప్పు కారింది. పైగది నేల చెక్కలు చెదలు పట్టాయి. పడగొడతారని ఒక ఏడాది అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, చరిత్ర ఉన్న కట్టడం కాబట్టి కాపాడాలని నిర్ణయించారు. మేస్త్రీలూ వడ్రంగులూ వచ్చి పెంకులు మార్చారు, గోడలకి రంగు వేశారు. గదుల్లో పాత మంచాలు, పాత బల్లలు, పాత ఫోన్ యథాస్థానంలో పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాళ్ళు కట్టారు. జనం వచ్చి చూసి పోతారు. గదులమ్మని పనిలో ఉంచారు. ఇప్పుడు ఆమె ఎవరూ పడుకోని మంచాల మీద పక్కలు వేస్తోంది. దుమ్ము పడితే తప్ప దుప్పటి మార్చే అవసరం లేదు. ఇంత తేలిక పని ఇంతకు ముందెప్పుడూ చేయలేదు, ఇంత విసుగూ ఎప్పుడూ పుట్టలేదు.

ఆ పనులు చూసే ఆఫీసరు నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. గదుల్లో పెట్టే బోర్డుల మీది రాతలు ఒకరోజు పనివాళ్ళందరికీ చదివి వినిపించింది. పైగది బోర్డులో ఆ రోజు చర్చల గురించి, ఎవరెవరు వచ్చారు, ఏ ఒప్పందం కుదిరింది అన్నీ ఉన్నాయి. గదులమ్మ చివరిదాకా విని, "అదే రోజు వంతెన దగ్గర మనుషులు పోయారండీ. అది కూడా రాస్తే బాగుంటుంది" అంది.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసింది. "నాకు తెలుసమ్మా. నేను రాశాను, పైవాళ్ళు కొట్టేశారు. మళ్ళీ రాస్తాను. మీరు అడిగారని చెప్పొచ్చా?"

"చెప్పండి. నా పేరూ చెప్పండి" అంది గదులమ్మ.

ఆఫీసరు పట్టు వదల్లేదు. ఆ బోర్డు చాలా కాలం ఖాళీగా ఉండిపోయింది. చివరికి రాత వచ్చినప్పుడు అడుగున ఒక వాక్యం చేరింది: అదే రోజు వంతెన వద్ద జరిగిన కాల్పుల్లో కొందరు కార్మికులు మరణించారు. గదులమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. 'కొందరు' దగ్గర ఆగింది.

"పేర్లకి ఒప్పుకోలేదు. క్షమించండి" అంది ఆఫీసరు.

"అసలు లేదనలేదు కదమ్మా. దానికే చాలా కాలం పట్టింది" అంది గదులమ్మ. సంతోషమో కాదో తెలియని గొంతుతో.

ఆ తర్వాత ఒక వాన రోజున, జనం పెద్దగా లేనప్పుడు, నెరిసిన జుట్టుతో ఒకావిడ వచ్చింది. వచ్చినవాళ్ళందరూ ముందు పైగదికి వెళ్తారు. ఈవిడ మూలగది ఎక్కడుందని అడిగింది. గదులమ్మ తీసుకెళ్ళింది. తలుపు దగ్గర నిలబడి ఆవిడ, "మా నాన్న ఇక్కడే ఉండేవారట" అంది.

గదులమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. పెద్దాయనకి కూతురుందని ఎప్పుడూ వినలేదు.

"నేను అప్పుడు చాలా దూరంలో ఉన్నాను. ఆయనతో మాటలు లేవు. ఆ కాల్పులు జరిగినప్పుడు పోట్లాడి వెళ్ళిపోయాను. మళ్ళీ ఆయన మొహం చూడలేదు." ఆవిడ తాడు మీద చెయ్యి వేసింది. "మీరు ఆ రోజుల్లో ఇక్కడే పనిచేసేవారని కింద చెప్పారు. ఆయన నన్ను అడిగేవారా?"

అవునంటే ఒక్క మాటతో పోయేది. అబద్ధం ఆడటం గదులమ్మకి చేతకాదు. ఉన్నదే చెప్పింది. "పేరు పెట్టి అడగలేదమ్మా. గేటు దగ్గర కారు ఆగితే మాత్రం లేచి నిలబడేవారు. ఎవరి కోసమో నాకు చెప్పలేదు."

ఆవిడ తాడు దాటి వెళ్ళి మంచం మీద కూర్చుంది. దాటకూడదని చెప్పాల్సిన మనిషి గదులమ్మే. ఆమె ఆపలేదు. బయట వాన పడుతూనే ఉంది.

తర్వాత ఇద్దరూ ముందువైపు పైగదికి వెళ్ళారు. ఆవిడ బోర్డంతా చదివి, చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి, "వీళ్ళెవరో ఇప్పుడెవరికీ తెలీదు కాబోలు" అంది.

"అందులో మా ఆయన ఒకడమ్మా."

ఆవిడ ఒక్కసారిగా తిరిగి చూసింది. ముందు నమ్మలేదు. తర్వాత మొహం తెల్లబోయింది. "మరి మా నాన్నకి... మీరేనా చివర్లో సేవ చేసింది?"

"నేనే."

"ఎలా చేశారు?"

"పక్క వేయడం నా పనమ్మా. మొదట్లో పనిలాగే చేశాను. తర్వాత తర్వాత ఎలా చేశానో నాకే తెలీదు. ఆయన మీద కోపం పోయిందా అంటే, పోలేదు. మా అత్త వచ్చి మొహం మీద అడిగింది. ఆయన భయపడ్డానని ఒప్పుకున్నారు. మా ఆయన పేరు నోటితో అన్నారు. అది నేను విన్నాను."

ఆవిడ ఏడ్చింది. గదులమ్మ ఓదార్చలేదు. దగ్గరే నిలబడింది. చివరికి ఆవిడ, "ఆ పేరు నాకూ చెప్పండి" అని అడిగింది. చెప్పింది. వాన తగ్గాక ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ కూతురు పై ఆఫీసులకి తిరిగి, బోర్డు మీద పేర్లు పెట్టించాలని గట్టిగానే ప్రయత్నించిందని ఆఫీసరు తర్వాత చెప్పింది. పరిశీలిస్తామన్నారట. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

గదులమ్మ పనినుంచి దిగిపోయే నాటికి వంటాయనా లేడు, పాత మేనేజరూ లేడు. ఆమె చోటికి ఇద్దరు పిల్లల తల్లి ఒకామె వచ్చింది. గదులమ్మ ఆమెకి తాళాలు అప్పగించి, ఒక్కో గదీ తిప్పి చూపించింది. ఏ కిటికీ వానకి ఉబ్బుతుందో, ఏ బీరువా తలుపు ఎత్తి పట్టుకుని మూయాలో చెప్పింది. మూలగదిలో పెద్దాయన సంగతి, పైగదిలో వంతెన సంగతి కూడా చెప్పింది. కొత్తామె వింటూ వింటూ చేతిలో గుడ్డ కింద పెట్టేసింది.

"ఇవన్నీ వచ్చినవాళ్ళకి చెప్పాలా అక్కా?"

"అడిగినవాళ్ళకి చెప్పు. అడగనివాళ్ళు ఎలాగూ వినరు."

కొత్తామె సరేనంది. పైగది పక్క తను వేస్తాననీ, తప్పుంటే చెప్పమనీ అడిగింది. గదులమ్మ కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కొత్తామె మూల మడత బాగానే పెట్టింది. కాళ్ళ వైపు కాస్త వదులుగా ఉంది. గదులమ్మ చూసి కూడా ఏమీ అనలేదు.